బండికి ఉన్న తేదీ మనకేదీ?

చెన్నై పెరంబూరులో రైలు పెట్టెకు ఉన్న మర్యాద మనిషికి లేదు.

నమ్మకం కుదరకపోతే ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న ఏ కోచ్ దగ్గరికైనా వెళ్లి దాని చివరి గోడ చూడండి. పీఓహెచ్, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతు, ఎప్పుడైంది, ఏ వర్క్‌షాపులో అయింది, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నీ రంగుతో రాసి ఉంటాయి. ఆ తేదీ వచ్చిందంటే పరుగు ఆగాల్సిందే. "బాగానే నడుస్తోంది కదా, సంక్రాంతి రద్దీ తీరాక చూద్దాం" అనే మాట అక్కడ చెల్లదు. వర్క్‌షాపులోకి తెచ్చి, కింది బోగీలు ఊడదీసి, చక్రాలూ ఇరుసులూ విడిగా పెట్టి, ఇరుసుకి అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. ఎందుకంటే ఇరుసు లోపల వెంట్రుకవాసి పగులు కంటికి కనబడదు, చేతికి తగలదు, చప్పుడూ చెయ్యదు. అది చప్పుడు చేసే నాటికి బండి పట్టాల మీద ఉండదు.

లోకో వర్క్స్, క్యారేజ్ వర్క్స్, 1955లో మొదలైన రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్... ఈ మూడింటి చుట్టూ తరాలుగా కాపురాలు పెట్టుకున్న తెలుగువాళ్లకి ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. వాళ్లు ఆ పని చేసినవాళ్లే, చేస్తున్నవాళ్లే.

బండి నడిపే మనిషికీ తేదీ ఉంది. లోకో పైలట్ 45 ఏళ్లు వచ్చేదాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా రైల్వే డాక్టరు ముందు నిలబడి కళ్లూ ఒళ్లూ చూపించుకోవాలి. పీఎంఈ అంటారు దాన్ని. అది పూర్తి కాకపోతే బండి ఇవ్వరు. మరి ఆయన కోసం తెల్లవారుజామున మూడింటికి లేచి క్యారియర్ కట్టి పంపే ఇల్లాలికి? ఆవిడకి పీఎంఈ లేదు. తేదీ లేని పని మన ఇళ్లల్లో ఎప్పుడు జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

క్యాన్సర్ పరీక్షా అలాంటి పనే. క్యాన్సర్ గురించి మనకి చాలా విషయాలు తెలుసు. లేనిది ఆ తేదీ ఒక్కటే.

పెరంబూరు రైల్వే ఆసుపత్రికి దేశమంతా పేరొచ్చింది గుండె వల్ల. దేశంలో తొలి బైపాస్ సర్జరీగా చెప్పుకునేది 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేసింది ఇక్కడే. అందుకేనేమో, ఎడమ చెయ్యి లాగుతోందంటే అర్ధరాత్రయినా సరే ఆటో ఎక్కించాలన్న తెలివి ఇక్కడ చిన్నపిల్లలకి కూడా ఉంది. చిక్కంతా ఇక్కడే. గుండె విషయంలో మనల్ని కాపాడిన తెలివే క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మోసం చేస్తుంది. నొప్పి వస్తే పరుగెత్తడం నేర్చుకున్నాం కాబట్టి, నొప్పి లేకపోతే పరవాలేదని కూడా నేర్చేసుకున్నాం.

రొమ్ములో గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. బుగ్గ లోపలి తెల్లమచ్చ మంట పుట్టించకపోవచ్చు. గర్భాశయ ముఖద్వారంలో కణాలు మారడం మొదలుపెట్టి క్యాన్సర్‌గా తేలడానికి పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ పదేళ్లూ ఒంట్లో ఏ కబురూ ఉండదు. "నొప్పి లేదు కదా" అంటూ మనం ఊరుకునే ఆ కాలంలోనే దాన్ని సులువుగా పట్టుకోవచ్చు.

2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతోంది. 9 లక్షల మంది చనిపోతున్నారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గర దగ్గరగా ఉండటానికి పెద్ద కారణం ఆలస్యం. రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. మన దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలో, జబ్బు రొమ్ము దాటకముందే దొరికినవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 80 మంది దాకా బతికి ఉన్నారు. వేరే అవయవాలకి పాకాక దొరికినవాళ్లలో 20 మంది కూడా లేరు. జబ్బు ఒకటే, మందులూ దాదాపు అవే. తేడా అంతా ఎప్పుడు వెళ్లారన్న దాంట్లో ఉంది.

"అయినా క్యాన్సర్ వచ్చాక ఏం చేస్తాంలెండి" అనే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లకి ఈ ఊళ్లోనే ఒకావిడ ఇటుకలతో జవాబు చెప్పింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1886లో పుదుక్కోట్టైలో పుట్టింది. ఆడపిల్ల బడికి వెళ్లడమే వింతగా చూసే రోజుల్లో 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చింది. తర్వాత శాసనమండలిలో అడుగుపెట్టి దేవదాసీ పద్ధతి మీద పోరాడింది. 1920లలో ఆవిడ చెల్లెలు క్యాన్సర్‌తో కన్నుమూసింది. డాక్టరై ఉండి కూడా తోడబుట్టినదాన్ని దక్కించుకోలేకపోయింది. 1935లో మద్రాసు మెడికల్ కాలేజీ శతజయంతి సభలో ఆవిడ అడిగింది ఒక్కటే: ఈ ఊరికి క్యాన్సర్ ఆసుపత్రి కావాలి. అడిగిన చోటల్లా ఎదురైన ధోరణి ఒకటే. ఆ జబ్బొచ్చినవాళ్లు ఎలాగూ పోతారు, దానికి ఆసుపత్రెందుకు అని.

ఇలాంటి మాట విన్నాక మనలో చాలామంది ఇంటికెళ్లి పడుకుంటాం. ఆవిడ పందొమ్మిదేళ్లు తిరిగింది. చందాలు పోగుచేసింది. 1952లో నెహ్రూ చేత శంకుస్థాపన చేయించి, 1954 జూన్ 18న అడయారులో 12 పడకలతో ఆసుపత్రి తెరిచింది. అప్పటికి ఆవిడకి 67 ఏళ్లు. కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి, 1955లో వచ్చి చేరిన డాక్టర్ వి. శాంత దాన్ని దేశం చూసే సంస్థగా పెంచారు. 2005లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతగారు 2021 జనవరిలో పోయేదాకా ఆ ఆవరణలోనే ఉన్నారు. ఎప్పుడూ ఒక మాటే చెబుతూ వచ్చారు: భయపడకండి, ముందుగా రండి.

ఆ మాటకొస్తే మందుల వైపు తెలుగువాడి చెయ్యీ ఉంది. భీమవరంలో పుట్టి, అదే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో తయారు చేయించిన ఎమినోప్టెరిన్‌తోనే 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో మొదటిసారి జబ్బు వెనక్కి తగ్గడం చూపించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని నేటికీ వార్డుల్లో వాడుతున్నారు. అంటే మందు లేక కాదు మనం పోగొట్టుకుంటున్నది.

నోటితో మొదలు

రాకుండా చూసుకోవడం ముందు. పట్టుకోవడం తర్వాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా అసలు రాకుండా ఆపగలిగినవే. వాటిలో అన్నిటికంటే పెద్ద వాటా పొగాకుది. ఒంగోలు నుంచి రాజమండ్రి దాకా పొగాకు పండించి లోకానికి అమ్మిన జాతి మనది. దాన్ని తిన్నదీ పీల్చిందీ కూడా మనమే.

ఉత్తరాంధ్ర పల్లెల్లో నడివయసు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ. గాలి వేస్తే చుట్ట ఆరిపోకుండానూ, ఎక్కువసేపు వచ్చేలానూ అలవాటైన పద్ధతి అది. 1971లో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, మన దేశపు దంతవైద్యులూ కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు చూసి రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎందుకు ఎక్కువో వాళ్ల నోళ్లే చెప్పాయి. ఆ అవ్వలకి ఎవరూ చెప్పలేదు. మనకి చెప్పారు. పెట్టె మీద బొమ్మ వేసి మరీ చెప్పారు.

తమిళనాడులో గుట్కా, పాన్ మసాలా మీద 2013 నుంచి నిషేధం ఉంది. అయినా ఉత్తర చెన్నైలో పొగాకు, వక్క కలిపిన మావా అడిగితే దొరకని పేట చెప్పడం కష్టం. బుగ్గన పెట్టుకుని షిఫ్టు అంతా లాగించేవాళ్లున్నారు. "పొగ తాగను కదండీ, ఇది ఊరికే" అంటారు. ఊరికే ఏమీ కాదు. తమిళనాడు ముఖ్యమంత్రి అణ్ణాదురై పొగాకు నమిలే అలవాటున్న మనిషి. అన్నవాహిక క్యాన్సర్‌కి న్యూయార్క్ దాకా వెళ్లి ఆపరేషన్ చేయించుకుని కూడా 1969 ఫిబ్రవరి 3న, 59 ఏళ్లకే పోయారు. మెరీనాకి వెళ్లినప్పుడు పిల్లలకి సమాధి ఒక్కటే చూపించి ఊరుకోకండి, ఈ సంగతీ చెప్పండి.

ఇక మన తాంబూలం. కోపం తెచ్చుకోకండి. పెళ్లిలో ఒకసారి వేసుకున్న కిళ్లీ గురించి కాదు నేను చెప్పేది. రోజుకి నాలుగుసార్లు, ఏళ్ల తరబడి వక్క నమిలితే పొగాకు లేకపోయినా అపాయమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చి ఇరవై ఏళ్లు దాటింది. వక్క నమిలేవాళ్లకి దవడ బిగుసుకుపోవడం మొదటి హెచ్చరిక. మూడు వేళ్లు నిలువుగా పెట్టి నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే ఆ రోజే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి.

వర్క్‌షాపులో పనిచేసేవాళ్లకి ఒక మాట. అదే క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగని 2012లో, వెల్డింగ్ పొగని 2017లో ఆ జాబితాలోకి ఎక్కించింది. మాస్కు ఉక్కపోస్తుందని మెడలోకి దించుకునే మేస్త్రీలకి నా నమస్కారం. ఒకసారి పైకి లాక్కోండి.

మందు విషయం క్లుప్తంగా చెప్పేస్తాను: ఇంత తాగితే పరవాలేదు అనే కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. నోరు, అన్నవాహిక, కాలేయం, పేగు, రొమ్ము... అన్నిటికీ దాని వాటా ఉంది. బరువు పెరగడం, ముఖ్యంగా ఆడవాళ్లకి నెలసరి ఆగాక పెరగడం, రొమ్ము క్యాన్సర్‌కి దారి. పెరంబూరు ఫ్లైఓవర్ కింద మురసొలి మారన్ పార్కు ఉంది, నడవండి. ఆవకాయ మీద నిందలు మోపే ధైర్యం నాకు లేదు. కానీ ఉప్పు మీద ఉప్పుగా ఊరగాయ, ఎండు చేప, అప్పడం మూడూ రోజూ కంచంలో ఉంటే పొట్టకి మంచిది కాదు. మద్రాసు మగవాళ్లలో పొట్ట క్యాన్సర్ మొదటినుంచీ ఎక్కువే కనిపిస్తూ వచ్చింది.

ఆ సంగతి ఎలా తెలిసిందంటే, అడయారు సంస్థ 1980ల మొదటినుంచీ ఈ నగరంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో లెక్క రాస్తోంది. ఆ పుస్తకంలో ఒక మంచి కబురూ ఉంది. అప్పట్లో మద్రాసు ఆడవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. టీకా రాకముందే అది బాగా తగ్గిపోయింది. పెళ్లి వయసు పెరిగింది, కాన్పులు తగ్గాయి, ఇంట్లో నీళ్లూ స్నానాలగదీ వచ్చాయి. క్యాన్సర్ తలరాత అయితే నలభై ఏళ్లలో ఒక ఊరి తలరాత ఎలా మారింది? దాని చోటులోకి రొమ్ము క్యాన్సర్ వచ్చి కూర్చోవడం కథలో రెండో సగం.

ఆ ముఖద్వార క్యాన్సర్‌ని కలిగించేది హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా ఉంది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ కూడా వచ్చేసింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆడపిల్లలకి వేయిస్తే రక్షణ బాగా ఉంటుంది. ఆడపిల్లలకి ఈ టీకా వేయిస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025 బడ్జెట్‌లోనే చెప్పింది. బడి నుంచి అనుమతి కాగితం వస్తే సంతకం పెట్టండి. పాపకి చెవులు కుట్టించడానికి ముహూర్తం అడిగినవాళ్లం, దీనికి వంకలు వెతకొద్దు.

పదిహేను రోజుల గీత

ఇప్పుడు పట్టుకోవడం గురించి. డాక్టర్ల పుస్తకాలు మనకి అక్కర్లేదు. ఒక్క గీత గీసుకుంటే చాలు. ఒంట్లో కొత్తగా వచ్చినది ఏదైనా పదిహేను రోజులు దాటి పోకపోతే డాక్టరుకి చూపించాలి. నోట్లో మానని పుండు. తెల్లమచ్చ, ఎర్రమచ్చ. బొంగురుపోయిన గొంతు. మింగుడు పడకపోవడం. మెడలో, చంకలో, రొమ్ములో గడ్డ. తగ్గని దగ్గు. కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో నూటికి చాలా భాగం క్యాన్సర్ కాదు. ఆ మాట డాక్టరు నోట వినడానికే వెళ్లాలి. రక్తం కనిపిస్తే మాత్రం పదిహేను రోజులు కూడా ఆగొద్దు. నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్లీ కనిపించిన ఒక్క మరక అయినా సరే. విరేచనంలో రక్తం పడితే మన మగవాళ్లు వెంటనే మొలలు అని తీర్మానించి మందుల షాపుకి వెళ్తారు. మొలలే కావచ్చు. నలభై అయిదు దాటిన మనిషి ఆ తీర్మానం తనంతట తాను చేయకూడదు.

ఏ లక్షణమూ లేకుండానే చేయించుకోవాల్సినవి మూడు. మన దేశం 2016లో తెచ్చిన పద్ధతి ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి నోరు, ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అయిదేళ్లకోసారి చూడాలి. ఇవేవీ కోట్ల యంత్రాలు కోరే పరీక్షలు కావు. నోరు చూడటానికి టార్చి లైటు, చెయ్యి తిరిగిన నర్సు చాలు. ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగుతారు. అంటే దాదాపు మన వంటింటి వినిగరే. మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. అంతే పరీక్ష. దిండిగల్ జిల్లాలో పల్లె ఆడవాళ్లకి ఈ పరీక్ష ఒక్కసారి చేసి, అవసరమైనవాళ్లకి వైద్యం చేస్తే, ఆ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ముంబైలో లక్షన్నర మంది ఆడవాళ్లని ఇరవై ఏళ్లు గమనిస్తే, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్షించిన చోట 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చెయ్యి చేసిన పని అది. నలభై అయిదు దాటాక డాక్టరు చెబితే మామోగ్రామ్ కూడా చేయించండి; తల్లికో అక్కకో వచ్చిన ఇంట్లో ఇంకా ముందే అడగండి.

ఇంత సులువైనదాన్ని ఎంతమంది వాడుకున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. తమిళనాడులో పదిమంది దాకా ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అయిదు దాటలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆడిమాసం ఆఫర్ లాగా ల్యాబులు "ఫుల్ బాడీ క్యాన్సర్ ప్యాకేజీ" అమ్ముతున్నాయి. ఏ లక్షణమూ లేని మనిషి రక్తంలో ట్యూమర్ మార్కర్లు వరసపెట్టి చూపించుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. అంకె కాస్త ఎక్కువొస్తే నిద్ర పట్టదు, తక్కువొస్తే లేని ధైర్యం వస్తుంది. రెండూ నష్టమే. ఆ డబ్బు దాచుకుని పైన చెప్పిన మూడూ చేయించుకోండి. తేనె, నిమ్మకాయ, ఏదో ఆకు రసంతో గడ్డ కరిగిపోయిందని ఫోన్లో తిరిగే కథలు ఇంకా ప్రమాదం. అవి ఒంటికి చేసే హాని కంటే నెలల్ని తినేసి చేసే హాని ఎక్కువ.

తెలిసీ వెళ్లమెందుకు?

మన చదువుకున్నవాళ్ల జబ్బు ఇది. అన్నీ తెలుసు, ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరం, చేతిలో కార్డు. రైల్వేలో పనిచేసే కుటుంబానికి ఉమీద్ కార్డు, రిటైరైనవాళ్లకి ఆర్ఈఎల్‌హెచ్‌ఎస్ సదుపాయం. రైల్వే కానివాళ్లకి కార్పొరేషన్ అర్బన్ హెల్త్ సెంటరు, పెద్ద పరీక్షలకి స్టాన్లీ, కీళ్‌పాక్కం ఆసుపత్రులు. అయినా వెళ్లం. ఎందుకు?

మొదటి కారణం భయం, అందులోనూ ఒక వింత భయం. పరీక్ష చేస్తే జబ్బు తేలుతుందని. పరీక్ష చేయకపోతే జబ్బు ఉండదన్నట్టు! ఆ పేరు పలికితేనే వస్తుందని "తథాస్తు దేవతలుంటారు" అనే ఇళ్లున్నాయి. ఈ భయాన్ని తర్కంతో గెలవలేరు, ప్రయత్నించకండి. భయం ఉండగానే వెళ్లడం నేర్చుకోవాలి. పరీక్ష రాసేముందు భయం పోయాకే హాల్లోకి వెళ్లిన విద్యార్థిని ఎవరైనా చూశారా?

రెండోది సిగ్గు. "మగ డాక్టరుంటాడేమో" అని ఆగిపోయిన ఆడవాళ్లు లెక్కలేనంతమంది. నోరు తెరిచి అడగండి: "లేడీ డాక్టరుగానీ సిస్టర్‌గానీ చూస్తారా అమ్మా?" ఆ ప్రశ్నకి హెల్త్ సెంటర్లో ఎవరూ నవ్వరు, అది రోజూ వినే ప్రశ్న. అరవం రాదని సంకోచమా? ఇన్నేళ్లుగా కూరగాయలు బేరమాడిన అరవం దీనికీ సరిపోతుంది.

మూడోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఇంటి ఇల్లాలు తనని తాను జాబితా చివర్లో రాసుకోవడం. ముందు పిల్లల పరీక్షలు, తర్వాత ఆయన బీపీ, తర్వాత అత్తగారి కంటి ఆపరేషన్, ఆపైన ఊళ్లో పెళ్లి. దీన్ని త్యాగం అని పొగిడి పొగిడి మనమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చాం. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం స్వార్థం కాదని ఆ ఇంటి మగవాడు నోరు తెరిచి చెప్పాలి. చెప్పి ఊరుకోకూడదు. ఆ పూట సెలవు పెట్టి వెంట వెళ్లి, ఓపీ బయట బల్ల మీద కూర్చోవాలి.

పెద్దవాళ్లని ఒప్పించడం ఒక విద్య. "అత్తయ్యా, మీరు పరీక్ష చేయించుకోండి" అంటే "నాకేం రోగం?" అనే జవాబు వస్తుంది, రావాలి కూడా. "అత్తయ్యా, రేపు నేను చూపించుకోవడానికి వెళ్తున్నాను. ఒక్కదాన్నే అంటే బెరుగ్గా ఉంది. మీరు తోడు రారూ?" అని అడిగి చూడండి. తోడు రమ్మంటే కాదనే అత్తగారు తెలుగునాట అరుదు. అక్కడికి వెళ్లాక సిస్టరే అడుగుతుంది, "పెద్దమ్మా, మీరూ చూపించుకుంటారా?" అని. బీడీ మానమని భర్తని రోజూ సాధించడం కంటే, ఆయన మనసు కుదిరిన ఒక సాయంత్రం 1800-11-2356 కి ఫోన్ కలిపి చేతికివ్వడం నయం. అది పొగాకు మానేవాళ్లకి సాయం చేసే జాతీయ నంబరు, డబ్బు పడదు.

"చూద్దాం", "వీలు చూసుకుని", "ఎండలు తగ్గాక" అనే మాటలు తేదీలు కావు. రోజు, పూట, చోటు, తోడు: ఈ నాలుగూ ఉంటేనే అది నిర్ణయం. ఏ నెలలో పుట్టారో ఆ నెలే పెట్టుకోండి, మర్చిపోరు. కుదిరితే అదే వీధిలో ఇంకో వదినకి చెప్పి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకరు బద్ధకిస్తే రెండోవాళ్లు లాక్కెళ్తారు.

కాబట్టి ఈ పూటే ఇంట్లో 30 దాటిన అందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. వయసు వరసలో వద్దు. ఇంట్లో చివర అన్నం తినే మనిషి పేరు మొదట రాయండి. పక్కన ఒక తేదీ వెయ్యండి. హెల్త్ సెంటర్లో పొద్దున ఓపీ ఉంటుంది, నోరూ రొమ్మూ ముఖద్వారమూ మూడూ డబ్బు తీసుకోకుండా చూస్తారు. దారి తెలియకపోతే 104 కి ఫోన్ చేసి అడగండి. సోమవారం రద్దీ, మంగళవారం మంచిది కాదంటారేమో, బుధవారం వెళ్లండి. వచ్చే బుధవారం.